చందువా మీద పడిన నేరం

చందువా చేప ముక్క నోట్లో పెట్టి కాసేపైనా కాలేదు, రూతు కుడి చెంప మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి.

కరుణ చెంచా గిన్నెలో పడేసింది. ఏడాదిన్నర పిల్ల. కిందటి క్రిస్మస్ ముందు, ఇడ్లీకి అంటిన వేరుశనగ పచ్చడి నాకినందుకే పెదవులు ఉబ్బిపోయి, గొంతులో ఈల మోగింది. బాపట్ల ఆసుపత్రిలో సూదిమందు పడేదాకా తల్లి ప్రాణం తల్లిలో లేదు. ఆ ఈల ఇప్పటికీ కరుణ చెవుల్లోనే ఉంది.

పాపను ఒళ్లోకి లాక్కుని ముందు ఊపిరి విన్నది. మామూలుగానే ఉంది. పెదవులు వేలితో తడిమింది. వాపు లేదు. అలమరలోంచి డాక్టరిచ్చిన ఎలర్జీ సిరప్పు తీసి పట్టించి, వసారాలోకి కేక వేసింది.

"మావయ్యగారూ, రిక్షా పిలవండి. పాపకి దద్దుర్లొచ్చాయి."

కృపారావు చేతిలో పేపరు కింద పడేసి పరుగెత్తుకొచ్చాడు. ఒక్క చూపు చూసి వీధిలోకి దూకాడు. రిక్షా గేటు ముందుకొచ్చింది. ఊపిరిలో తేడా వస్తే ఎక్కడమే, రాకపోతే కాసేపు చూడమన్నది తెనాలి పిల్లల డాక్టరు మాట. కరుణ పాప ముఖం మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది.

డాక్టరు చెప్పింది రెండు ముక్కలు. వేరుశనగ ఇంటి గడప తొక్కకూడదు. మిగతావి మాత్రం మానకూడదు. "ఒక్కోటీ పెట్టండమ్మా. పొద్దున పూట, కొంచెం. నాలుగు రోజులు చూసి ఇంకోటి. భయపడి అన్నీ తీసేస్తే పిల్లకి తినడానికి ఏం మిగులుతుంది?"

అలా చిలగడదుంప నెగ్గింది. పెరుగు నెగ్గింది. గుడ్డూ నెగ్గింది. ఇవాళ చేప వంతు.

డాక్టరు మాటలో మొదటి ముక్కను గట్టిగా పట్టుకున్నది కృపారావు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై రేపల్లెలో ఉంటున్నాడు. మనవరాల్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా వంటింట్లో డబ్బాల మూతలు తీసి సోదా చేస్తాడు. వేరుశనగ నూనె డబ్బాను ఇంట్లోంచి బయటికి పంపించింది ఆయనే. పక్కింటి పిల్లల్ని నిలబెట్టి, శనక్కాయలు నములుతూ ఈ గేటు దాటితే ఊరుకోనని చెప్పిందీ ఆయనే. రెండో ముక్క మాత్రం ఆయనకి రుచించలేదు. "అన్నం, పెసరపప్పు తిని బతకడం లేదా జనం? ఇంకోసారి ఒంటి మీద మచ్చ కనిపించిందా, ఈ ప్రయోగాలు బందు" అని కొడుకు పౌలు చేత సరేననిపించాడు. పౌలు వ్యవసాయ కాలేజీలో గుమాస్తా. తండ్రికి ఎదురు చెప్పి ఎరగడు.

అన్నం పప్పు మీదే నెలలు గడిపిన పిల్ల చేతులు ఎలా పుల్లల్లా అయ్యాయో కరుణకు తెలుసు. గుడ్డు మొదలెట్టాకే బుగ్గకి కాస్త కండ పట్టింది. ఇవాళ చేప ఓడిపోతే దాంతోపాటు రేపటి పండూ పాలూ అన్నీ ఓడినట్టే. సాయంత్రం పౌలు ఇంటికి రాగానే ఆ తీర్పు ఖాయం.

బయట కృపారావు అప్పుడే దర్యాప్తు మొదలెట్టాడు. సూర్యలంక నుంచి చేపలు తెచ్చే పేరమ్మ రెండిళ్ల అవతల బేరంలో ఉంటే పిలిపించి, వసారా మెట్ల కింద నిలబెట్టాడు.

"ఈ చేప ఎప్పటిది పేరమ్మా?"

"తెల్లారి పడవ దిగిందండి బాబుగారూ. కళ్లు చూడండి, నా కళ్ల కంటే తేటగా ఉన్నాయి."

"గంపలో ఇంకేం తెచ్చావు?"

"చేపల గంపలో చేపలు కాకపోతే చీరలు తెస్తానేంటండి?"

"వెటకారం వద్దు. నడుం దగ్గర ఆ పొట్లం ఏంటి?"

పేరమ్మ కొంగు ముడి విప్పింది. తమలపాకులు, వక్కలు. కృపారావు పొట్లం ఇటూ అటూ తిప్పి వాసన చూశాడు.

"అరెస్టు చేస్తారా బాబుగారూ? నన్నా, చందువానా?"

లోపల కరుణ తడిగుడ్డతో పాప ముఖం తుడుస్తూ ఆగింది. ఏదో పొసగడం లేదు. చేప తగిలింది పెదవులకి. నాలుకకి. కారిన పులుసంతా గడ్డం మీదే. అక్కడెక్కడా ఒక్క దద్దురు లేదు. చెంపకి చేప తగలనే లేదు. పైగా ఆ దద్దుర్లు అడ్డదిడ్డంగా లేవు. అడ్డంగా, రెండు వేళ్ల వెడల్పున, కాస్త వంపు తిరిగి, కుంచెతో అద్దినట్టు ఉన్నాయి.

కుడి చెంపని ఇవాళ ఎవరు తాకారు?

పొద్దున రైలు దిగి రాగానే మావయ్య తాకాడు. బావి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడిగి, అందరూ అలాగే కడగాలని మళ్లీ ఒకసారి చెప్పి, ఆ తరవాతే పాపను ఎత్తుకున్నాడు. చెంప మీద గట్టిగా ముద్దు పెట్టాడు. గుచ్చుకుంటుంటే పిల్ల కిలకిలా నవ్వింది. ఆయన పేపరు పట్టుకుని వసారాలోకి వెళ్లాకే తను చేప గిన్నె తెచ్చింది.

కరుణ కిటికీలోంచి చూసింది. పేరమ్మను ప్రశ్నిస్తూ కృపారావు గుబురు మీసాన్ని కుడివైపు నుంచి ఎడమవైపుకి దువ్వుకుంటున్నాడు.

పాప చెంప సబ్బు నీళ్లతో ఇంకోసారి కడిగి, ఎత్తుకుని వసారాలోకి వచ్చింది. దద్దుర్లు అప్పటికే రంగు తగ్గుతున్నాయి. రూతు తాతను చూసి చేతులు చాచింది. కరుణ ఇవ్వలేదు.

"మావయ్యగారూ, తెనాలిలో బండి మారడానికి చాలాసేపు కూర్చోవాల్సొచ్చిందా?"

"బండి లేటు. ఎందుకమ్మా?"

"అంతసేపు ఆకలికి ఆగలేరు మీరు. ఏం తిన్నారు?"

మీసం మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మామగారిని అలా అడిగిన కోడలు ఆ ఇంట్లో ఇంతవరకూ లేదు. అయినా కరుణ చూపు దించలేదు. చంకలో ఉన్న పిల్ల బరువు ఆమెకి ధైర్యమిచ్చింది.

"చేప మూతికి తగిలిందండి. దద్దురు చెంపకొచ్చింది. మీరు ముద్దు పెట్టిన చోటే."

పేరమ్మ గంప మెట్టు మీదికి దించి, పక్కనే చతికిలబడింది. "ఇప్పుడు జవాబు చెప్పే వంతు మీదండి బాబుగారూ. నే కూచుంటా."

కృపారావు మనవరాలి చెంప వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, మీసం తుడవబోయి, మళ్లీ ఆపేశాడు. దొంగల చేత ఒప్పించడంలో పేరున్న మనిషి కుర్చీలో కూలబడ్డాడు.

"శనక్కాయలు తిన్నానమ్మా. వేయించినవి, వేడివేడివి. తెనాలి ప్లాట్‌ఫారం మీద గంప పక్కనే కూచోబెట్టాడు దేవుడు. ఇవాళొక్కరోజే కాదు, వచ్చిన ప్రతిసారీ తింటున్నాను. రేపల్లెలో మీ అత్తయ్యకి కూడా తెలీదు. ఇంట్లో నేనే మాన్పించాను కదా, ఇంక ఏ ముఖంతో అడగను? చేతులు కడిగాను, చొక్కా దులిపాను, పొట్టు ఒక్కటి లేకుండా చూసుకున్నాను. మీసం సంగతి తోచలేదు. ఇన్నాళ్లూ బండి దిగి ఊళ్లో పనులు చూసుకుని, ముఖం కడిగి వచ్చేవాణ్ణి. ఇవాళ పిల్ల మీద బెంగతో నేరుగా వచ్చేశాను. పౌలుకి సాయంత్రం నేనే చెబుతా. తెనాలి డాక్టరుకీ నేనే చెబుతా. మీసం ఇప్పుడే పోయి తీయించేస్తా, ఆ రిక్షాని పంపెయ్యకండి. పేరమ్మా, నిన్ను నిలబెట్టినందుకు ఏమీ అనుకోకు. కరుణా, పిల్లకి దద్దుర్లు పూర్తిగా తగ్గాక, డాక్టరు ఊఁ అన్న రోజున, మళ్లీ చందువా పెట్టు. తరవాత ఏది పెట్టాలో అదీ పెట్టు. చేప తప్పేం చెయ్యలేదమ్మా. చేసింది నేను."