రెండు తలుపుల కారు

పాత కారు అప్పగించాల్సిన రోజు పొద్దున దాని లోపల తుడిచే పని నాకు పడింది. పైభాగం మా ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వరు. దానికి వేరే బకెట్టు, వేరే గుడ్డ, గీత పడకుండా తుడిచే పద్ధతి ఉన్నాయి. లోపలి పని మాత్రం మొదటి నుంచీ నాదే. కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి, "వెనక సీటు కాస్త గట్టిగా పట్టించు. నువ్వూ పాపా చేసిన నిర్వాకమంతా అక్కడే ఉంది," అన్నారు.

ముందు సీటు మడిచి వెనక్కి దూరాను. సీటు సందులో బిస్కెట్ పొడి, పాప తలపిన్ను, ఎప్పుడో పోయిందనుకున్న నా చెవికమ్మ శీల దొరికాయి. నేను కూర్చునే వైపు పైకప్పు గుడ్డ మీద అరచేయంత మరక ఉంది. సబ్బునీళ్ళతో ఎంత రుద్దినా పోలేదు. అది నా తలనూనె మరక అని చాలాసేపటికి గాని తట్టలేదు. తొమ్మిదేళ్ళుగా నా తల అక్కడే ఆనుతూ వచ్చింది మరి.

అది రెండే తలుపులున్న స్పోర్ట్స్ కారు. ఆయన చిన్నప్పుడు దాని బొమ్మ గోడకి అంటించుకుని పెరిగారట. మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలంటారు. నాకు అలాంటిదేమీ లేదని ఒక్కోసారి కుళ్ళుకునేదాన్ని కూడా. కారు ఇంటికొచ్చినప్పుడు నాకు ఏడో నెల. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ముందు సీటు ఆవిడది. "ఆ సందులో నేను దూరలేనమ్మా. అయినా ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా ఊరొచ్చేది ఒకేసారి కదా," అన్నారావిడ మొదటి రోజే. అందరం నవ్వాం, నేను కూడా. నెలవారీ పరీక్షకని వెళ్ళి ఆసుపత్రి దగ్గర ఆగాక మాత్రం నేను బయటికి రాలేకపోయాను. ఒక చెయ్యి ఆయన, ఒక చెయ్యి అక్కడి వాచ్‌మన్ పట్టుకుని లాగారు. సీసాలో బిరడా ఇరుక్కున్నట్టుందని అత్తయ్య అన్న మాట ఆ తర్వాత మా ఇంట్లో పెద్ద జోకైపోయింది. ఎవరొచ్చినా ఆయన ఆ కథ చెప్తారు. ఎక్కడ నవ్వాలో నాకు తెలుసు. అక్కడ నవ్వి, కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతాను.

ఇంతకీ నేను చేసే పని ఫిజియోథెరపీ. నడుం ఎలా వంచాలో, మెడ ఎలా నిలపాలో రోజుకి ఇరవై మందికి చెప్తాను. ఆదివారాలు ఆ కారులో షికారు వెళ్ళొచ్చి, సోమవారం పొద్దున నా నడుం నేనే పట్టుకుని మంచం దిగుతాను. ఆసుపత్రిలో నన్ను 'మసాజ్ మేడమ్' అంటారు. అలా కాదని మొదట్లో చెప్పేదాన్ని, తర్వాత మానేశాను. నాలుగు నెలలు నా భుజం మీద బరువేసి అడుగులు నేర్చుకున్న ఒకాయన, ఇంటికెళ్ళే రోజు పెద్ద పూలగుత్తితో వచ్చి, "సర్జన్ గారి గది ఇటేనా అమ్మా?" అని నన్నే అడిగాడు. ఇటేనని చూపించాను.

ఈ ఏడాది మొదట్లో నాకు ఒక పిలుపొచ్చింది. ఒకప్పుడు మా ఆసుపత్రిలోనే పనిచేసిన పెద్ద డాక్టరమ్మ, వెన్ను దెబ్బతిన్నవాళ్ళ కోసం ఊరి బయట ఒక కేంద్రం తెరుస్తున్నారు. నడక నేర్పించే విభాగమంతా నన్ను చూసుకోమన్నారు. "నీ చేతుల్లో ఎంతమంది లేచి నిలబడ్డారో నాకు గుర్తుంది," అన్నారావిడ. ఆ మాట విన్నాక ఆ రోజంతా నాకు పని మీద ధ్యాస లేదు. చిక్కల్లా ఒక్కటే. ఊరి చివరి దాకానే బస్సుంది. అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లకి ఆటో కూడా దొరకదు.

ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన మంచి హుషారుగా ఉన్నారు. ఆ రోజే ఆ కారులో కొత్త తరం మోడల్ వస్తోందని ఎక్కడో చదివారు. "అది రాగానే దీన్ని నువ్వు తీసుకో. నీ ఉద్యోగానికి పనికొస్తుంది," అన్నారు. నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ, పెట్టె దాని మీదే ఉంచేసి ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. కాలర్ మాడిపోయింది. దానికి కూడా ఆయన ఏమీ అనలేదు.

రెండు ఆదివారాలు ఆయనే నేర్పారు. "అది క్లచ్, మీ అత్తగారు కాదు, భయపడకుండా తొక్కు," అని నవ్వించారు కూడా. ఒకసారి గేరు పడక కిర్రుమనేసరికి మాత్రం ఆయన ముఖం మారిపోయింది. ఇక ఆ కారు మీద నేర్చుకోవద్దన్నారు. డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నలభై రోజులు ఐదింటికి లేచి, వంట చేసి, డబ్బాలు సర్ది, ఆరున్నరకల్లా స్టీరింగు ముందు కూర్చున్నాను. లైసెన్సు వచ్చిన రోజు పాప దాన్ని తిప్పి తిప్పి చూసి, "అమ్మా, ఫోటోలో నువ్వు నవ్వుతున్నావు," అంది. ఆ వారమే ఆసుపత్రిలో మానేస్తున్నట్టు కాగితం ఇచ్చేశాను. వచ్చే నెల ఒకటిన చేరతానని డాక్టరమ్మకి మాటిచ్చాను.

పది రోజుల క్రితం ఆయన భోజనం చేస్తూ, పాత కారు షోరూమ్ వాళ్ళే తీసుకుంటామన్నారని చెప్పారు. అలా ఇస్తే పై రకం మోడల్ వస్తుందట. దానికి సీట్లలోంచి చల్లగాలి కూడా వస్తుందట.

"మరి ఇది నాకిస్తానన్నారు కదా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "అదేదో మాటవరసకి అన్నాను. నువ్వు దాన్నే పట్టుకుని కూర్చున్నావా?"

కుదిరినన్ని రోజులు తనే దింపుతానన్నారు. కుదరని రోజుల సంగతి అడిగితే, ముందే అపశకునం పలకొద్దన్నారు. వాడికి ఎప్పటి ముచ్చటో, నువ్వొక ఏడాది ఆగితే కొంపలేం మునగవని అత్తయ్య సర్దిచెప్పారు. ఎవరూ గొంతు పెంచలేదు. మా ఇంట్లో ఎవరూ పెంచరు. నేను లేచి గిన్నెలు తీశాను. ఆయన మోసం చేశారని అనుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది. మోసం చెయ్యాలంటే ముందు ఆ మాట గుర్తుండాలి కదా. నేను అడిగేదాకా ఆయనకి గుర్తే లేదు. నా నలభై తెల్లవారుజాములు ఆయనకి మాటవరస. నా పదకొండేళ్ళ ఉద్యోగం, నేనిచ్చిన కాగితం, డాక్టరమ్మ మాట వినగానే నాలో కదిలినదీ అన్నీ ఒక వాక్యం చివర ఊరికే చేర్చిన మాటలు. డాక్టరమ్మకి రాలేనని చెప్పేద్దామని రెండుసార్లు ఫోన్ చేసి, మోగకముందే పెట్టేశాను. కారు తుడుస్తున్న ఆ పొద్దుటికి కూడా ఆవిడకి ఏమీ చెప్పలేదు.

పదకొండింటికి నలుగురం షోరూమ్‌కి వెళ్ళాం. పాత కారు తాళం ఇచ్చేముందు ఆయన దాని బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు. కళ్ళు తడయ్యాయి. "తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా నోరెత్తలేదండీ ఇది," అన్నారు సేల్స్‌మన్‌తో. నాకు ఆయన మీద జాలేసింది, అబద్ధం చెప్పను. ఆ పక్కనే నేనున్నాను. ఆయన చూపు నా వైపు తిరగలేదు.

కొత్త కారు మీద కప్పిన గుడ్డ లాగారు. ముదురు ఎరుపు. పాతదానికంటే వెడల్పు, ఇంకా నేలబారు, వెనక భాగం జారుడుబల్లలా దిగిపోయి ఉంది. సేల్స్‌మన్ ఇంజను గురించి, బ్రేకుల గురించి ఆయనకి చెప్తున్నాడు. నన్ను చూసి, "మేడమ్‌కి రంగు నచ్చిందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తలుపు తెరిచాడు. వెనక సీట్లు పేరుకేనని, పాత మోడల్‌కన్నా జాగా తగ్గిందని, చాలామంది బ్యాగులు పెట్టుకోవడానికి వాడతారని నిజాయితీగానే చెప్పాడు.

"మావాళ్ళకి అలవాటేలెండి," అన్నారాయన.

పాప అప్పటికే వెనక్కి దూరింది. దానికి తొమ్మిదేళ్ళే గాని, పొడుగులో నాన్న పోలిక. వెనక అద్దం వాలుగా దిగి దాని తలకి తగులుతోంది. కాసేపు అటూ ఇటూ కదిలింది. మోకాళ్ళు గడ్డం దాకా లాక్కుంది, మెడ ఒక పక్కకి వంచి భుజానికి ఆనించింది. అలాగే ఉండి మా వైపు చూసి నవ్వింది.

"సరిపోతుంది నాన్నా. మెడ ఇలా పెట్టుకుంటే సరిపోతుంది."

"అదీ నా తల్లి," అన్నారాయన. సేల్స్‌మన్ చప్పట్లు కొట్టాడు. ఎంత సర్దుకుపోయే పిల్లో, అచ్చం వాళ్ళమ్మేనని అత్తయ్య మెచ్చుకున్నారు.

అలా వంగి ఉండిపోయిన మెడలను నేను రోజూ చూస్తాను. వాటిని నిలబెట్టడానికి ఎన్ని నెలలు పడుతుందో నాకు తెలుసు. కొన్ని మళ్ళీ నిలబడవని కూడా తెలుసు. పాపకి ఇది ఎవరూ నేర్పలేదు. ఎవరూ చెప్పకుండానే నన్ను చూసి నేర్చుకుంది. నవ్వు ఎక్కడ పెట్టాలో కూడా నేర్చుకుంది.

ముందు సీటు మడిచి చెయ్యి లోపలికి చాచాను. "బయటికి రా," అన్నాను. పాప నా చెయ్యి పట్టుకుని దిగింది.

"ఏమైంది?" అన్నారాయన.

"మీరూ అత్తయ్యా ఇందులో వెళ్ళండి. మేం బస్సులో వస్తాం."

సేల్స్‌మన్ ఉన్నాడని ఆయన నవ్వు ముఖం మీద నుంచి తియ్యలేదు. నా దగ్గరికి వచ్చి, మంచి రోజున ఈ గొడవేంటి, పది నిమిషాల దారికి ఇంత అవసరమా అని గొణిగారు.

"గొడవేం లేదు. అందులో దాని తల పట్టదు," అన్నాను. ఇంకా ఏదైనా అంటే ఏడ్చేస్తానని తెలిసి, పాప చెయ్యి వదలకుండా బయటికి నడిచాను.

బస్టాపులో ఎండ బాగా ఉంది. ఎర్ర కారు షోరూమ్‌లోంచి బయటికొచ్చి, మేం ఉన్న వైపు రాకుండా పెద్ద రోడ్డెక్కింది. అది మలుపు తిరిగేదాకా పాప చూస్తూ ఉంది. నేను డాక్టరమ్మకి ఫోన్ చేశాను. కారు దొరకలేదని, అయినా ఒకటో తారీఖున వస్తానని, దగ్గరలో ఉండటానికి గది ఏమైనా దొరుకుతుందా అని అడిగాను. కేంద్రం వెనకే ఖాళీ గదులున్నాయని, దగ్గర్లో బడి కూడా ఉందని చెప్పారావిడ. తర్వాత నెమ్మదిగా అడిగారు, గది ఎంతమందికి కావాలని.

"ఇద్దరికి," అన్నాను.

ఫోన్ పెట్టేశాక పాప నా వైపు చూడలేదు. ఎక్కడికని గాని, ఎందుకని గాని అడగలేదు. రోడ్డు వైపే చూస్తూ, "నాన్నకి ఎవరు చెప్తారు?" అంది.

"నేనే," అన్నాను.