ఆవిరి పట్టిన ఈకలు

జడ్చర్ల జిన్నింగు మిల్లులో పత్తి పని అయిపోయాక ఒక షెడ్డు ఎండాకాలమంతా ఖాళీగా ఉండేది. గుర్వయ్య తెల్లారగానే అందులోకి పోయి తలుపులు మూసుకుని ఏం ఆడతాడో, పెళ్లయి రెండేళ్లయినా గోపమ్మ చూడలేదు. గాలి తగిలితే ఆట చెడుతుందట. గాలికే చెడే ఆట ఎట్లా ఉంటుందో ఆమె ఊహకు అందేది కాదు.

అతను తాలూకా కచేరీలో గుమాస్తా, గొర్లకాపరుల ఇంట్లో మొదట చదువుకున్నవాడు. పందొమ్మిది వందల యాభై తొమ్మిది మే నెలలో హైదరాబాదులో బ్యాడ్మింటన్ సింగిల్స్ పోటీలు పెట్టి, రాష్ట్ర జట్టుకు నలుగురిని ఎంచుతామన్నారు. అతనికి ఇరవై ఎనిమిది నిండాయి. ఈసారి పేరు రాకపోతే ఇక రాదని అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ ఆటలో బంతికి బదులు కొట్టే ఈకల కాక్ ఒకటి విరిగితే, ఒకరోజు తెచ్చి గూట్లో పడేశాడు.

"ఎండకు ఈకలు పుల్లల లెక్క ఇరుగుతున్నయి. ఎనిమిది కాక్‌లే మిగిలినయి. పోటీలకు ఇంక పదిహేను దినాలు. పట్నంల అడిగితే కొత్త డబ్బ జూన్‌లనే అన్నరు."

"మా తాత తోడేలు ఎనుక ఉరికెటోడు," అంది అత్త బీరమ్మ. "నా కొడుకు ఈకల పిట్ట ఎనుక ఉరుకుతుండు."

గోపమ్మ ఆ కాక్ తీసి తిప్పి తిప్పి చూసింది. బిరడాలో పదహారు ఈకలు గుచ్చి ఉన్నాయి. "అన్ని ఒక్క దిక్కే వంగినయి. గివన్ని ఒక్క పక్క రెక్కయే గద?"

గుర్వయ్య కూడా వంగి చూశాడు. పదేళ్ల నుంచి ఆడుతున్నాడు, ఎన్నడూ గమనించలేదు.

పుట్టింట్లో ఆమె మోదుగాకు విస్తర్లు కుట్టేది. ఎండిన ఆకును నీళ్లు చల్లి తడిగుడ్డలో చుట్టిపెడితే మెత్తబడి, ఎంత వంచినా పగలదు. ఎవరికీ చెప్పకుండా మూడు కాక్‌లను అట్లాగే చుట్టిపెట్టింది. తెల్లారి విప్పితే ఈకలు అతుక్కుపోయాయి, జిగురు కరిగింది, బిరడాలు ఉబ్బాయి.

గుర్వయ్య వాటిని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. "జర నన్నడిగితే ఏంబోయె," అని మాత్రం అన్నాడు.

ఆ మాటకు ఆమెకు అన్నం సయించలేదు. కానీ ఆలోచన ఆగలేదు. ఆకు నీళ్లు తాగుతుంది. ఈక తాగదు, మీది నుంచి జార్చేస్తుంది. మరి ఆవిరైతే? కుడుముల కుండ పొయ్యి మీద పెట్టి, గూట్లోని విరిగిన కాక్‌ను ఈకల పక్క కిందికి చేసి ఆవిరికి పట్టింది. వంద లెక్కపెట్టి తీసి ఆరబెట్టింది. సాయంత్రం భర్త ముందర ఒక ఈకను వేలుతో వంచింది. వంగింది, విరగలేదు.

"ఒక్కటే ఇస్త. గిది గూడ బోతే నాలుగే," అన్నాడతను.

"నేను గూడ వస్త. ఏమైతదో నా కండ్లతోని చూడాలె."

మర్నాడు ఆవిరి పట్టిన ఆ కాక్‌తో ఆడటానికి, షెడ్డులో తాడు మీద కట్టిన వలకు అటు వైపు బడి డ్రిల్లు మాస్టరు పోచయ్య నిలబడ్డాడు, ఇటు గుర్వయ్య. గోపమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కాక్ బాణంలా దూసుకొచ్చి సగం దారిలో ఊపిరాగినట్టు మెల్లగా పడుతోంది. ఇంట్లో మాటకు పది సార్లు తడుముకునే తన మగడు, అది పడే చోటికి దానికంటే ముందే చేరుతున్నాడు. ఈకల సంగతి ఆమె కాసేపు మరిచే పోయింది.

"అమ్మా, రెండాటలయినయి," అన్నాడు పోచయ్య రొప్పుతూ. "ఒక్క ఈక ఊడలే. ఏం మందేసినవ్?"

మిగిలిన నాలుగింటికీ ఆవిరి పట్టింది. ఆ అయిదు కాక్‌లతోనే పోటీల దాకా గడిచింది.

పోటీల నుంచి గుర్వయ్య మధ్యాహ్నం బస్సుకు దిగాడు. "గెలిచినవా కొడుకా?" అంది బీరమ్మ.

"ఆఖరుకు ముందాటల ఓడిన. నలుగురిల నాలుగో పేరు నాదే."

గోపమ్మ చెంబు అందించి, అతను తాగిందాకా ఆగింది. "అక్కడ ఈకలెన్ని ఇరిగినయి?"

"ఒక్క ఆటకే తొమ్మిది కాక్‌లు పోయినయి."

"ఆవిరి పట్టరా?"

"ఎవ్వరికి తెల్వదు."

"నువ్వు చెప్పినవా మరి?"

"పేర్లు సదివినంక చెప్పిన," అని నవ్వాడు. "ఎంతసేపు పట్టాలెనని అడిగిన్రు. నాకేం తెలుసు? మా ఇంటామెను అడుగుండ్రి అన్న."