థర్మోస్టాట్ కింద మేకు

మూడేళ్ల మా పాప పిచ్చుకకి గొంతులో గొట్టం పెట్టారు. ఊపిరంతా దాని గుండానే. ఇంట్లో గాలి పొడిబారితే కఫం గట్టిపడి గొట్టం మూసుకుపోతుందని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నా ప్రాణం హాలు గోడమీది థర్మోస్టాట్‌లోనే ఉంది. గాలిలో వేడి, తేమ చూసి, తడి ఇచ్చే యంత్రాన్ని నడపాల్సింది అదే మరి.

నిన్నటి నుంచి నడపడం లేదు. తెరమీద మాత్రం తేమ అరవై శాతమని చూపిస్తోంది. నా పెదాలు పగిలి నెత్తురొస్తుంటే అరవయ్యట!

లిఫ్టులు బాగుచేసే మా ఆయనకి ప్రతి యంత్రమూ చుట్టమే. కంపెనీ మనిషి సోమవారం గానీ రానన్నాడని మూత విప్పేశాడు. తేమని కనిపెట్టే సెన్సర్‌కి వరసలో ఒక రెసిస్టర్ కలిపి సోల్డర్ చేశాడు.

"ఇప్పుడు దీనికి గాలి ఉన్నదానికన్నా పొడిగా కనిపిస్తుంది. చచ్చినట్టు యంత్రాన్ని నడుపుతుంది," అన్నాడు.

కాసేపు నడిచింది. ఆగిపోయింది. ఇంకా పెద్ద రెసిస్టర్ పెట్టాడు. మళ్లీ అదే తంతు.

ఇంతలో గొట్టంలో ఈల మొదలైంది. కఫం పీల్చే మిషను పెట్టి లాగితే కఫం బంకలా సాగింది తప్ప రాలేదు. పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి. నేను మంచం దగ్గర్నుంచి కదల్లేక గొంతు చించుకున్నాను.

"ఏదో ఒకటి చెయ్యండి! నా కూతురు నా చేతుల్లోనే పోయేలా ఉందండీ!"

హాల్లో టక్కుమని చప్పుడు. సెన్సర్ తీగనే తెంపేశాడు. తెరమీద సున్నా పడింది, యంత్రం గుర్రుమంది. ఇద్దరం పిల్ల ఛాతీవైపే చూస్తూ నిలబడ్డాం. ఎంతసేపటికో కఫం కదిలింది. ఈల తగ్గింది. 

నీళ్లకోసం హాల్లోకి వస్తే, అత్తయ్య తడి తువ్వాలు తెచ్చి థర్మోస్టాట్ కింద మేకుకి తగిలిస్తోంది.

"ఇదేంటమ్మా?" అన్నాడు నా వెనకే వచ్చిన మా ఆయన.

"పాపకి తడిగాలి ఇచ్చేది ఈ డబ్బాయేగా! నాలుగు గుడ్డలు తడిపి ఇక్కడ ఆరేస్తే దానికీ సాయంగా ఉంటుందని నిన్నట్నుంచీ ఆరేస్తున్నా. మీరు దీని దగ్గరికొచ్చినప్పుడల్లా అడ్డమని తీసేస్తున్నాలే."

ఆయన తెగిన సెన్సర్ తీగనీ, దాని కింద తువ్వాలునీ మార్చి మార్చి చూశాడు. తెరమీది అరవై శాతం తడి దీనిదే. నాకు ఒళ్లు భగ్గుమంది. నానా మాటలూ అనేద్దామని దగ్గరికెళ్లాను. తువ్వాలు పిండీ పిండీ ఆవిడ వేళ్లు తెల్లగా నాని, చీలి ఉన్నాయి.

"ఏంటమ్మాయ్, ఇద్దరూ అలా చూస్తున్నారు? నేనేమైనా చేశానా?"

 ఆ తువ్వాలు తీసుకెళ్లి పిచ్చుక మంచం కమ్మీమీద పరిచాను.

"ఇక్కడ ఆరెయ్యండి అత్తయ్యా," అన్నాను. "ఇక్కడైతే పిల్లకి అందుతుంది."