లోరెంజ్ పాటకి రెండో పేజీ

సాయంత్రం ఆవుల పాలు పితికి, బూట్లైనా మార్చుకోకుండా కోర్బినియన్ వచ్చేసరికి, వాల్‌బుర్గా వంటింటి బల్ల మీద తన లాప్‌టాప్ తెరిచి, పక్కన కాఫీ, ఆపిల్ కేకు పెట్టుకుని కూర్చుంది. తెల్లారితే ఆమె భర్త లోరెంజ్‌ని పూడుస్తారు. ఆ బవేరియా పల్లె బ్యాండులో పెళ్ళికీ చావుకీ ట్యూబా ఊదినవాడు. అంత పెద్ద బాకా మోసీ మోసీ ఒక భుజం కిందికి దిగిపోయింది పాపం. పోయేముందు ఒక్కటే అడిగాడు: "నా సమాధి దగ్గర ఆ పాత ఏడుపు పాట వద్దు. నేను కట్టిన కవాతు పాట వాయించండి."

వాయించడానికేం, అందరూ సిద్ధమే. కానీ లోరెంజ్ ఆ పాటని కాగితం మీద పెట్టలేదు, ఎవరికీ వినిపించనూ లేదు. ఇంకా కుదరలేదు, ఇంకా కుదరలేదు అంటూ స్వరాలు రాసే ఏదో పాతకాలపు ప్రోగ్రాంలో దిద్దుకుంటూ పోయాడు. అతని కంప్యూటర్ అతనికంటే ముందే చచ్చింది. మిగిలింది వేలెడంత పెన్‌డ్రైవ్, అందులో ఒకే ఒక్క ఫైలు. అది ఆ ప్రోగ్రాంలో తప్ప తెరుచుకోదు. ప్రోగ్రాం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, కొంటామన్నా అమ్మే నాథుడు లేడు. దొరికేదల్లా ఊరూ పేరూ లేని సైట్లలో తిరుగుతున్న ఉచిత ట్రయల్ ఒక్కటే. బ్యాండులో స్వరాల కాగితాలుండే బీరువా తాళం కోర్బినియన్ దగ్గర ఉంటుంది కనక, ఈ పీడా అతని నెత్తినే పడింది.

"పోనీ నీకేమన్నా గుర్తుందా బుర్గీ, ఆ పాట?" అన్నాడు, లేని ఆశతో.

"నాకేం తెలుసయ్యా! ఇంటి కింద సెల్లార్లో కంప్యూటర్ పాడుతుంటే పక్కన కూర్చుని ఊదేవాడు. పైకి వినబడేది బూం బూం ఒక్కటే. దాన్ని పాటంటారా ఎవరైనా?"

నిట్టూర్చి ట్రయల్ ఎక్కించడం మొదలుపెట్టాడు. మామూలు పద్ధతా, అన్నీ తెలిసినవాళ్ళ పద్ధతా అని అడిగిందది. మనకంత తెలివెక్కడిదిలే అనుకుని మామూలుదే నొక్కాడు. అక్కడే కొంప మునిగింది. వద్దనడానికి వీలైన టిక్కులన్నీ ఆ రెండో దాని వెనకాల దాచారు దొంగవెధవలు! ప్రోగ్రాంతో పాటు పిలవని పేరంటంలా ఒక్కొక్కటే దిగాయి: పైన ఒక వెతుకుడు పట్టీ, మూలన వానొస్తుందని చెప్పే మబ్బు, చెప్పులు చవకని అరిచే రామచిలక, వాటన్నిటినీ మించి చీపురు బొమ్మతో ఒక శుభ్రం చేసే ప్రోగ్రాం.

"ఈ చిలకని నువ్వు రమ్మన్నావా?" అంది వాల్‌బుర్గా.

"నేనెందుకు రమ్మంటాను?"

"మరి తగలెయ్యి."

ఎలా తగలేస్తాడు? ఒకదాన్ని తీస్తే, నిజంగా తీసెయ్యాలా, మళ్ళీ ఆలోచించుకోండి అని ఇంకొకటి లేస్తుంది. వాటిని వదిలేసి ఫైలు తెరిచాడు. లోరెంజ్ పాట తెర నిండా పరుచుకుంది. కోర్బినియన్‌కి ప్రాణం లేచొచ్చింది. వెంటనే అచ్చు వేశాడు. ఒక్కో వాయిద్యానికీ మొదటి పేజీయే వచ్చింది, దాని మీద కూడా అడ్డంగా 'ట్రయల్' అని లావాటి అక్షరాలు. రెండో పేజీ కావాలంటే కొనుక్కోవాలట. ఎవరి దగ్గర కొనాలో మాత్రం చెప్పదు.

సరే, తెర మీద కనబడుతోంది కదా, చేత్తోనే ఎక్కించుకుందామని గీతల కాగితం తీశాడు. నడుము విరిగిపోతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. మొదటి వరుస రాయబోయేసరికి స్వరాల మీదికి చీపురు వచ్చి కూర్చుంది. 'మీ కంప్యూటర్ నిండా చెత్త. ఊడ్చెయ్యమంటారా?' అవును అన్నది పచ్చగా అరచేతంత ఉంది, తరవాత అన్నది చీమంత. చీమని వెతికి నొక్కాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వచ్చింది. ఒళ్ళు మండి, "ఊడ్చుకుని చావు!" అంటూ పచ్చదాని మీద గుద్దాడు.

ఊడ్చింది. తనకి తెలియని ఫైళ్ళన్నీ ఊడ్చింది. పెన్‌డ్రైవ్ కూడా ఊడ్చింది. తెర మీది పాట మాయమైంది.

ముందుగా ఒక కాపీ తీసి పెట్టుకోవాలన్న బుద్ధి పుట్టలేదే! అటు తెరిచాడు, ఇటు వెతికాడు. ఎక్కడా లేదు. పోయిన ఫైళ్ళు తెచ్చిపెడతాం, ఉచితంగా ట్రయల్ చూడండి అంటూ ఇంకొకటి పలకరించింది. సిగ్గులేకుండా దాన్నీ ఎక్కించాడు. ఏమీ దొరకలేదు, రామచిలక పక్కన ఇంకో చిలక చేరింది.

"బుర్గీ, నా చేత్తో నేనే పోగొట్టాను. నన్ను తిట్టు."

ఆమె కేకు ముక్క కోసి అతని ముందుకి తోసింది. "తిట్టే ఓపిక కూడా లేదు కోర్బీ. ఆ మూత వేసెయ్. కేకు తిను."

అతను మూత వేశాడు, కేకు మాత్రం ముట్టుకోలేదు.

మర్నాడు సమాధి దగ్గర బ్యాండు మొదటి పేజీ వాయించింది. ఎంత బాగుందని! పాట పైకి ఎక్కుతూ ఎక్కుతూ పేజీ చివరికొచ్చి, మెట్టు మీద కాలెత్తినట్టే ఆగిపోయింది. అందరూ బాకాలు దించారు. కోర్బినియన్ తలెత్తలేదు. ఫాదర్ పవిత్రజలం చల్లబోతుంటే వాల్‌బుర్గా చెయ్యి అడ్డంపెట్టింది.

"ఉండండి ఫాదర్. ఇంకా ఉంది."

ఆగిన చోటి నుంచే అందుకుంది. "బూం... బూం... బుబుబూం..." అలసిపోయిన గొంతు, మధ్యమధ్య దగ్గు. రాగం లేదు, అడుగున నడిచే ట్యూబా ఒక్కటే. ఎవరూ నవ్వలేదు. డోలు వాయించే ఆమె మెల్లగా దెబ్బ కలిపింది. రెండో పేజీ మొత్తం, ఎక్కడా తడబడకుండా, ఆఖరి బూం దాకా పాడి ఆగింది.

కోర్బినియన్ బాహాటంగా ఏడుస్తూ దగ్గరికొచ్చాడు. "పాటంతా వచ్చన్నమాట నీకు!"

"సగమే," అంది ఆమె, శవపేటిక వైపు చూస్తూ. "గోల భరించలేక, సెల్లార్ తలుపు వేసుకోమని రోజూ అరిచేదాన్ని. తలుపేస్తే పైకి బూం బూం ఒక్కటే వచ్చేది. తెరిచి ఉంచనిచ్చి ఉంటే, మిగతాది కూడా వచ్చి ఉండేది నాకు."