మసాజ్ కుర్చీలో కువో మాస్టారు

పేయున్ చేసిన తప్పల్లా ఒక్కటే. "మా యూనివర్సిటీ నుంచి కువో మాస్టారు శనివారం మనింటికొస్తున్నారమ్మా" అని ఫోన్లో చెప్పింది గానీ, ఎందుకొస్తున్నారో చెప్పకుండా మింగేసింది.

తుఫాను వాళ్ళు తీరంలో ఆల్చిప్పలు పెంచుకునే పందిళ్ళను సముద్రంలో కలిపేసి నెల తిరగలేదు. నాన్న పొరుగు రేవులో కూలికి పోతున్నాడు. ఈ సెమిస్టరు ఫీజు కట్టే దారి లేదు. కష్టంలో పడ్డ విద్యార్థులకు యూనివర్సిటీ ఇచ్చే అత్యవసర సాయానికి పేయున్ దరఖాస్తు పెట్టుకుంది. కువో మాస్టారు ఇల్లు కళ్ళారా చూసి, వీళ్ళకు నిజంగానే లేదని రాస్తేనే అది అందుతుంది. రాయకపోతే చదువుకు నీళ్ళొదిలి చేపల ప్యాకింగు ఫ్యాక్టరీలో చేరడమే. ఈ మాట అమ్మకు చెప్పాలంటే నోరు పెగల్లేదు. అమ్మ లెక్కలో ఎరువు తెచ్చుకోవడం వేరు, చెయ్యి చాచడం వేరు. ఎరువుసొమ్ము బరువుచేటని ఎవరైనా అంటే ఆవిడకు చెవికెక్కదు.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగి గుమ్మంలో అడుగుపెట్టిన పేయున్, ఇల్లు తప్పి వచ్చానేమో అనుకుంది. హాలు మధ్యలో ఊరిపెద్ద చెన్ గారి మసాజ్ కుర్చీ. గోడకు పక్కింటివాళ్ళ పెద్ద టీవీ. మూలన గుడివాళ్ళ పాటల మిషను. బల్లమీద పదకొండు వంటకాలు పొగలు కక్కుతున్నాయి.

"అమ్మా! ఏంటిదంతా?"

"అంత చదువుకున్న మాస్టారు తైచుంగ్ పట్నం నుంచి వస్తుంటే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టమంటావా? నీకేదో బహుమతి వచ్చుంటుంది. చెప్పవేం, దొంగపిల్లా!"

"కుర్చీ మొయ్యడానికి నలుగురు పట్టారే," అంది పక్కింటి ఆహావ్ మామ్మ. "గీత పడుద్దని చెన్ దాని వెనకాలే ఏడుపు మొహంతో వచ్చాడు."

పేయున్ నోరు తెరిచేలోగా బయట కారు ఆగింది. అమ్మ ఎదురెళ్ళి, మాస్టారిని దాదాపు ఎత్తుకొచ్చినట్టు తెచ్చి కుర్చీలో కూలేసి మీట నొక్కింది.

"మీ ఇం... ఇం... ఇంట్లో ఏసీ ఉం... ఉందా అమ్మా?" అన్నారు మాస్టారు. చేతిలో ఫారం, కలం, కళ్ళజోడు అన్నీ గంతులేస్తున్నాయి.

"ఒకటేంటండీ, రెండు!"

"టీ... టీవీ?"

"పాతది బాలేదని మొన్ననే మార్చామండీ. ముందు ఈ రొయ్యలు చూడండి."

అమ్మ ఒక్కో అబద్ధం ఆడుతుంటే పేయున్‌కు ఫ్యాక్టరీ గేటు ఒక్కో అడుగు దగ్గరైనట్టుంది. గిల్లింది, దగ్గింది, కళ్ళతో బతిమాలింది. అమ్మ తిరిగి ఇంకా గట్టిగా గిల్లింది. మాస్టారు నిట్టూర్చి కలానికి మూత పెట్టారు.

"ఏదీ మాది కాదండీ!" పేయున్ అరిచేసింది. "కుర్చీ చెన్ గారిది, టీవీ మామ్మది, ఆ మిషను గుడివాళ్ళది! మాకేం లేదు మాస్టారూ!"

కుర్చీ గుర్రుమంటూ మాస్టారిని ఊపుతూనే ఉంది.

"సాయం అడిగావా?" అంది అమ్మ మెల్లగా.

"అడిగానమ్మా. అది రాకపోతే చదువాగిపోద్ది."

అమ్మ మొహం ఎర్రబడింది. ఆ మొహం చూడలేక పేయున్ తల దించుకుంది, సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అమ్మ వంగి మీట ఆపింది. మాస్టారి మణికట్టు పట్టుకుంది.

"లేవండి మాస్టారూ. రాసుకోండి. వంటింట్లో కప్పు కారుద్ది. మామూలుగా కాదు, గంటకో బక్కెట్టు!"

"మా ఇంట్లో అంతకన్నా కారుద్ది," అంది ఆహావ్ మామ్మ.

"నీది చెంబుడు, మాది బక్కెట్టు! మాస్టారూ, ఆవిడ మాట రాయకండి. ఈ ఫ్రిజ్ తలుపు తెరవండి, ఊడి చేతికొస్తుంది చూడండి!"

విందుకు వడ్డించినంత హుషారుగా అమ్మ లేమి వడ్డించింది. నాచు పట్టిన గోడ చూపించింది, మంచం కింద ఇటుకలు చూపించింది. ఈలోగా ఇరుగుపొరుగులు సాక్ష్యంగా ఎవరి సామాను వాళ్ళు ఎత్తుకుపోసాగారు. కుర్చీ క్షేమంగా దక్కిన ఆనందంలో చెన్ అడక్కుండానే సాక్షి సంతకం గీకేశాడు.

"చాలమ్మా, పేజీ నిండిపోయింది!" మాస్టారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. సంతకం పెట్టి, ఫీజు గడువులోపే సాయం అందుతుందని చెప్పారు. పదకొండు వంటకాలూ రుచి చూడందే అమ్మ ఆయన్ను కదలనివ్వలేదు.

కారు వెళ్ళిపోయాక అమ్మ గిన్నెల ముందు కూర్చుంది.

"పిచ్చిదానా, ముందే చెప్పుంటే ఆ కిటికీ పరదాలు కూడా పీకేసి ఉంచేదాన్నిగా!"

పేయున్ పగలబడి నవ్వింది. అమ్మ నవ్వలేదు. తోమిన పళ్ళాన్నే మళ్ళీ మళ్ళీ తోముతోంది. పేయున్ పక్కన చతికిలబడి, ఆ పళ్ళెం అందుకుని కడిగింది.