ఏడాదిన్నరకి పాలసీ

ఇంట్లో అందరికన్నా పొడుగే అయినా, చిన్నప్పుడు అక్క పెట్టిన పేరే ఆమెకి ఖాయమైపోయింది: పొట్టి. నలభై రెండేళ్ళు. కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని, పద్దెనిమిదేళ్ళుగా. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "తీరిక దొరకలేదండీ" అనేసేది.

విదేశంలో ఉంటున్న అక్క ఒకరోజు ఫోన్ చేసి, "ఓ ఏడాదిన్నర వచ్చి మా దగ్గరుండవే. ఎన్నాళ్ళని ఆ వెనకగదిలో మగ్గుతావు?" అంది. పొట్టికి కాళ్ళు నేలమీద నిలవలేదు. షాపులో పని మానేసింది. వీసా సంగతంతా బావే చూసుకున్నాడు. ఆయన పంపిన కాగితాల మీద గుర్తు పెట్టిన చోటల్లా సంతకాలు చేసింది. అవి ఆ దేశపు భాషలో ఉన్నాయి. బావ పంపినవాటికి అనుమానమేమిటి?

ఇక మిగిలింది ఇన్సూరెన్సు. "ఏదో ఒకటి తీసేసుకో. గుండ్రాయిలా ఉన్నావు, నీకేమవుతుంది?" అంది అక్క.

కానీ పొట్టికి బీపీ ఉంది. జబ్బుపడి అక్కాబావల నెత్తిన పడకూడదని మూడు కంపెనీల కాగితాలు తెచ్చి మంచం మీద పరిచింది. ఒకటి పాత జబ్బుల జోలికే రాదు. ఇంకోటి వస్తుంది గానీ ఆర్నెల్లకే ఆగిపోతుంది. మూడోది రెండింటికీ సరేనంది. దాన్నే పట్టుకుని ఆ కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది.

కౌంటర్లో అమ్మాయి కళ్ళజోడు ఓ పక్కకి వాలిపోయి ఉంది. పొట్టికి చేతులు ఊరుకోలేదు. "ముందు అదిటివ్వమ్మా," అని తీసుకుని, కాడ సరిచేసి ఇచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

"బీపీ ఉందని రాయనా మేడమ్?"

"రాయి తల్లీ. దాచి ఏం చేసుకుంటాను?"

వీసా కాపీ చూస్తూ టైపు చేస్తున్న అమ్మాయి ఆగిపోయింది. "ఈ పాలసీ మీకు పనికిరాదు మేడమ్. ఇది చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళకి. మీది ఇంటిపని వీసా."

"కాదమ్మా, నేను మా అక్క దగ్గరికి వెళ్తున్నాను."

"ఈ కోడ్ అదే మేడమ్. నెలకి పది చూస్తాను. దీనికి ఇన్సూరెన్సు యజమానే తీసుకోవాలి. మీరిది కట్టినా, రేపు ఆస్పత్రిలో చేరితే చెల్లదంటారు."

"యజమాని ఎవరు?"

ఆ అమ్మాయి కాగితం ఇటు తిప్పి వేలు పెట్టి చూపించింది. బావ పేరు. ఇంటిపేరుతో సహా.

"పొరపాటున పడి ఉంటుందిలే," అంది పొట్టి, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని అక్కకి ఫోన్ చేసింది.

"ఓ, అదా! ఒట్టి కాగితమేనే. చుట్టంగా వస్తే మూడు నెలలకే పంపించేస్తారు."

"మరి నాకో మాట చెప్పొచ్చు కదక్కా?"

"లేనిపోనివి ఊహించుకుంటావని బావే వద్దన్నారు."

"మీ ఇంట్లో పనిచేసే ఆవిడేది?"

"మానిపించేశాం. పరాయిదానికంటే నువ్వు నయం కదా. ఎలాగూ ఖాళీగా కూర్చునే మనిషివి కాదు. వంటా, పిల్లలూ, మా అత్తగారికి స్నానం..."

"అత్తయ్యగారు మంచాన పడ్డారా?"

"నాలుగు నెలలైంది."

ఆ సంగతీ తనకి చెప్పలేదు.

"సాయానికి రమ్మంటే రానా అక్కా? ఎప్పుడైనా కాదన్నానా?"

"ఇప్పుడు అడుగుతున్నాగా!"

"అడగలేదు. దొరికిపోయావు." పొట్టి ఫోన్ పెట్టేసింది.

ఆమె వెళ్ళలేదు. షాపులో అప్పటికే ఆమె మిషను మీద వేరే మనిషి కూర్చుంది. యజమాని మొహమాటపడుతూ ముందు కౌంటర్లో కుర్చీ వేయించాడు.

నెల తిరక్కుండా పిన్ని షాపుకే వచ్చేసింది. "ఏమే, అన్నీ కుదిరాక అక్కకి చెయ్యిచ్చావట? అక్కడ అది ఒక్కతీ ఎంత అవస్థ పడుతోందో తెలుసా?"

పొట్టి నోరు తెరిచింది. అక్క నన్ను పనిమనిషిగా రాయించింది పిన్నీ, అనాలి. ఎంత ప్రయత్నించినా ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"వెళ్ళబుద్ధి కాలేదు," అంది.

పిన్ని ఆమెని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.