నిండు నిమిషం

పిల్లల వార్డు పెద్ద నర్సును అందరూ నిమిషమ్మ అనే పిలుస్తారు. ఎదురుగానే పిలుస్తారు, భయపడుతూనే పిలుస్తారు. బిడ్డ ఊపిరి లెక్కపెట్టాలంటే ఆవిడ గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం నిలబడుతుంది. ఈలోగా ఆకాశం విరిగి మీద పడ్డా కదలదు.

కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మకు అది చాదస్తంగా తోచేది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే సరిపోదూ! పైగా నిమోనియా టీకా వచ్చాక పన్నెండు మంచాల గది నాలుగు మంచాలకు తగ్గింది. మిగతా చోట బొమ్మల బల్ల వేశారు.

ఆ ఉదయం ఒక తల్లి మూడేళ్ల కూతుర్ని భుజాన వేసుకొచ్చింది. నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు. టీకాల కార్డులో ఒక్కటీ తప్పలేదు. చిన్న డాక్టరమ్మ పదిహేను సెకన్లు చూసింది. తొమ్మిది. అంటే ముప్పై ఆరు. ఈ వయసుకు నలభై దాటకపోతే ఫర్వాలేదు.

"కంగారేం లేదమ్మా. మందు రాస్తాను, ఇంటికి తీసుకెళ్లండి."

"నన్నూ ఓసారి చూడనివ్వండి," అంది నిమిషమ్మ.

మొదలెట్టిందిరా బాబూ అనుకుంది చిన్న డాక్టరమ్మ. నిమిషమ్మ పిల్ల చొక్కా పైకెత్తి నిలబడింది. పిల్ల కాసేపు మెల్లగా, కాసేపు గబగబా పీలుస్తోంది.

"యాభై రెండు. కుడి పక్క చూడండి డాక్టరమ్మా, ఎడమతో సమానంగా లేవట్లేదు. ఎక్స్‌రే తీయిద్దాం."

ఎక్స్‌రేలో కుడివైపు సగం తెల్లగా వచ్చింది. ఊపిరితిత్తి చుట్టూ చీము! ఇంటికి పంపేసి ఉంటే? చిన్న డాక్టరమ్మ గబగబా ఫోన్ అందుకుంది. గంటలో పెద్ద డాక్టరు గొట్టం వేసి చీము తీశారు.

తల్లి బావురుమంది. "టీకాలన్నీ వేయించానే! అంతా దండగేనా?"

"దండగేంటమ్మా?" నిమిషమ్మ ఆమె పక్కన కూర్చుంది. "నేను చేరిన కొత్తలో ఇక్కడ మంచానికి ఇద్దరేసి పడుకునేవారు. ఆ మంచాలు ఖాళీ చేసింది టీకాయే. దానికీ చిక్కని క్రిములు కొన్నున్నాయి. వాటికి మేమున్నాంగా!"

గది బయట చిన్న డాక్టరమ్మ తలొంచుకుంది. "నేను సరిగ్గా లెక్కపెట్టలేదక్కా."

"సరిగ్గానే పెట్టారు. ఆ కాస్సేపూ పిల్ల మెల్లగానే పీల్చింది."

దెప్పి పొడిచినా బాగుండేది. అమ్మో, ఎంత మనిషి! చిన్న డాక్టరమ్మకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

పదో రోజు పిల్ల బొమ్మల బల్ల దగ్గర రైలు కోసం పేచీ పెడుతోంది. ఇవతల చిన్న డాక్టరమ్మ ఇంకో బిడ్డ చొక్కా ఎత్తి గడియారం చూస్తోంది.

"అయిందా డాక్టరమ్మా?" అడిగాడు ఆ బిడ్డ తండ్రి.

"లేదండీ," కళ్లు తిప్పకుండా అంది, "ఇంకా నలభై అయిదు సెకన్లున్నాయి."